సీధా వైపు

గుండయ్య పళ్ళెం మూడో రోజు కూడా నిండుగానే వెనక్కి వచ్చింది. రొట్టె మడత విప్పలేదు. గోరుచిక్కుడు కూర వేసింది వేసినట్టే ఉంది. నీళ్ళ గ్లాసు ఒక్కటే ఖాళీ అయింది.

స్వరూప పళ్ళెం అందుకుంటూ ఇంకో ముద్ద తినమని అడగలేదు. నిన్న అడిగింది. మొన్న రెండుసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా మామ అన్నది ఒకటే మాట. "చాలు బిడ్డా."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

వారం నుంచి ముసురు పట్టింది. మెట్ల పక్కన కట్టిన తాడు మీద గురువారం ఉతికిన బట్టలు శనివారం వచ్చినా చెమ్మగానే ఉన్నాయి. చేతిరుమాలు సైతం ఆరలేదు. ఇల్లంతా తడిబట్ట వాసన. ఫలక్‌నుమా స్టేషన్‌లో ఆగే లోకల్ రైలు చప్పుడు కూడా ఈ వానలో బరువుగా, ఆలస్యంగా వినిపిస్తోంది.

ప్రేమ్‌రాజ్ చేతిలో పానాతో మేడ దిగి వచ్చాడు. తండ్రి రెండు గజాల దూరంలో మోడా మీద కూర్చుని ఉన్నాడు. అతను తండ్రి వైపు చూడలేదు.

"స్వరూపా, బాపుకు చెప్పు. గాలి గుంజే పంపు ఇయ్యాల కిందికి దించుతున్న."

గుండయ్య గోడకేసి చూస్తూ అన్నాడు. "బిడ్డా, నీ మొగనికి చెప్పు. దించేటప్పుడు పక్కకు వంచొద్దని. నూనె కారుతది."

"అండ్ల నూనె ఉన్నదో లేదో గూడ ఆయననే అడుగు."

"పంపు ముల్లు ఎక్కడున్నదో గోడ మీద రాసి పెట్టిన. అరగంటకోపారి. పోయి సూసుకొమ్మను. యాభై మూడు. పన్నెండింటి సంది ఆరింటిదాంక యాభై మూడు."

ప్రేమ్‌రాజ్ పానాను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు.

"కునుకు తీసుకుంట గూడ యాభై మూడు రాయొచ్చు."

గుండయ్య గోడ మీంచి చూపు తిప్పలేదు. మోకాలి మీద ఉన్న చెయ్యి మాత్రం ఒకసారి మూసుకుని తెరుచుకుంది. స్వరూప పళ్ళెం పట్టుకుని వాళ్ళిద్దరి మధ్యా నిలబడి ఉంది. ఆ పళ్ళెం ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

ఆ ఒక్క మాట మామకు ఎక్కడ తగిలిందో ఆమెకు తెలుసు. ప్రేమ్‌రాజ్‌కు ఇంకా బాగా తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళు గుండయ్య రైల్వే షెడ్డులో పెట్టెల బ్రేకులు చూశాడు. గొట్టాల్లోంచి గాలి లాగేసి నడిపించే పాతకాలపు బ్రేకులవి. ఎక్కడో సన్నటి చిల్లు పడి గాలి లోపలికి దూరితే రైలు రైలంతా ఆగిపోతుంది. ఆయన చేతి కింద నుంచి వెళ్ళిన పెట్టెల్లో గాలి దూరిందన్న మాట ఎన్నడూ రాలేదు. పదవీవిరమణ నాడు వేసిన దండ ఎండిపోయింది, ఇచ్చిన గడియారం ఆగిపోయింది. మిగిలింది ఆ పేరొక్కటే. ఇప్పుడు సొంత మేడ మీద, సొంత కొడుకు చేస్తున్న పడవ తెరచాపలోకి గాలి దూరింది.

దూరలేదని స్వరూపకు తెలుసు. ఇంట్లో తెలిసింది తన ఒక్కదానికే అని కూడా ఆమెకు తెలుసు. లేదా అలా అనుకుంటోంది.

*

మేడ మీది పొడుగాటి గది ఒకప్పుడు షామియానాలు దాచే గోదాము. ప్రేమ్‌రాజ్ అక్కడే టెంట్‌హౌస్‌ల కోసం గుడారాలు కుట్టేవాడు. హుస్సేన్‌సాగర్‌లో పందెం పడవల చినిగిన తెరచాపలు బాగుకోసం రావడం మొదలై ఎనిమిదేళ్ళయింది. అతుకులు వేసీ వేసీ అతను తెరచాపల లోపలి మర్మం నేర్చుకున్నాడు. మొత్తంగా ఒక తెరచాప సొంతంగా తయారు చెయ్యడం మాత్రం ఇదే మొదలు. నేవీలో చేసి వచ్చిన సామ్యూల్ సార్ అడిగాడు. బయటిదేశపు తెరచాప తెప్పించుకోగలిగిన మనిషే, నువ్వు చెయ్యి ప్రేమ్, నేను కడతా అన్నాడు. వచ్చే శుక్రవారం పందెం. సోమవారం పొద్దున ఆయన వచ్చి చూస్తాడు.

తెరచాప అంటే బట్ట అనుకునే రోజులు పోయాయి. గాజులా మెరిసే పల్చటి ఫిల్మ్ ఒక పొర. దాని మీద సన్నగా జిగురు. జిగురు మీద బంగారు రంగు దారాలు, ఒక్కొక్కటీ ఉక్కుతీగ కన్నా గట్టివి. వాటి మీద మళ్ళీ ఒక ఫిల్మ్. మొత్తాన్నీ ప్లాస్టిక్ సంచిలో మూసి, పంపుతో గాలి లాగేస్తే పొరలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. పైనుంచి దీపాల వేడి. ఆరు గంటలు అలా ఉంచితే రెండు పొరలూ, మధ్యలో దారాలూ కలిసి ఒకటే వస్తువు అయిపోతాయి.

అసలు విద్య దారాలు పరచడంలోనే ఉంది. గాలి తెరచాపను అంతటా ఒకేలా లాగదు. తాడు కట్టే వెనక మూల నుంచి ఆ లాగుడు విసనకర్ర పుల్లల్లా విప్పారుతుంది. ఎటు లాగుతుందో అటే దారం నడవాలి. గీత తప్పిందంటే ఆ మేర తెరచాప సాగుతుంది, పడవ వెనకబడుతుంది.

ప్రేమ్‌రాజ్‌వి మొద్దు వేళ్ళు. షామియానా సూదికి అలవాటు పడ్డ వేళ్ళు. దారాలు ఒకదాని మీదొకటి ఎక్కేవి. రెండు నెలల కిందట ఒకరోజు విసుగెత్తి, ఇగ నువ్వు పట్టు అని స్వరూపకు ఇచ్చాడు. అంతదాకా ఆమె పని కింద గదిలో కుట్టుమిషన్ దగ్గర, మూలలకు అతుకులు కుట్టడం. పెళ్ళికి ముందు నుంచీ పక్క గల్లీలో సుగ్రా ఆపా దగ్గర మగ్గం పని చేసిన చేతులు ఆమెవి. జరీ తీగను మఖ్మల్ మీద పాములా నడిపించిన చేతులు. బంగారు రంగు దారం వేళ్ళ మధ్య నుంచి జారిన మొదటి రోజు ఆమెకు కొత్త అనిపించలేదు. ఇన్నేళ్ళూ ఇంత చిన్న చిన్న పువ్వులు ఎందుకు కుట్టానా అనిపించింది.

ఇప్పుడు ఆ బల్ల మీద చెడిపోయిన ముక్క పరిచి ఉంది. తెరచాపకు నాలుగు ముక్కలు. ఇది అన్నిటికన్నా కిందది, వెనక మూల ఉన్నది, ఎక్కువ బరువు మోసేది. బుధవారం సామ్యూల్ సార్ దాన్ని రెండు చేతులతో వంచి చూశాడు. లోపల దారాల వెంట పాలలాంటి తెల్లటి గీతలు లేచాయి. అక్కడ ఫిల్మ్ దారాన్ని వదిలేసింది.

సార్ దాన్ని బల్ల మీద పెట్టాడు. పెదవి విరిచి, వాక్యూమ్ సరిపోలేదేమో అన్నాడు. ఆయన అనుమానంగా అన్నదాన్ని ప్రేమ్‌రాజ్ తీర్పుగా తీసుకున్నాడు.

ప్రేమ్‌రాజ్ పంపు గొట్టం విప్పుతున్నాడు. గోడ మీద, పంపు ముల్లు చూస్తూ గుండయ్య సుద్దముక్కతో రాసిన అంకెలు వరసగా ఉన్నాయి. అన్నీ యాభై మూళ్ళే. గుండయ్య చేతిరాత రైలుపెట్టెల మీది నంబర్లలా నిలువుగా, ఒక్క కొలతలో ఉంటుంది. నిద్రమత్తులో రాసే రాత కాదది. స్వరూప ఆ గోడ వైపు చూడకుండా ఉండడం నేర్చుకుంది.

కొత్త పంపు రాణీగంజ్‌లో మాట్లాడానని, రేపు తెస్తానని అతను చెప్పాడు. చెబుతూ ఒక్క క్షణం ఆగాడు.

"ఇగ బాపు పైకి రావొద్దు. వాకిట్ల కూసోనీ. నేను చెప్తే ఇంకింత బాధ. నువ్వు చెప్పు."

"నేనా?"

"నీ మాటైతే ఇంటడు."

ఆమె కత్తెర తీసుకుని చెడిపోయిన ముక్క అంచు నుంచి జానెడు పట్టీ కత్తిరించింది. ఎందుకని అతను అడిగాడు. జిగురు ఎట్లా పట్టిందో చూస్తానంది. పట్టీని పమిట చెంగులో దోపుకుంది. పంపు సంగతి, మామ సంగతి రెండింటికీ తలే ఊపింది. ఆ ఊపు అతనికి ఒప్పుకోలులా కనిపించింది. ఆమెకు మాత్రం మెడ తన మాట వినకుండా దానంతట అదే ఊగినట్టనిపించింది.

*

జరిగింది సోమవారం.

ప్రేమ్‌రాజ్ వెడల్పు టేపు కోసం బేగంబజార్ వెళ్ళాడు. దారాలు నడవాల్సిన గీతలన్నీ పెద్ద కాగితం మీద అచ్చువేయించి ఉన్నాయి. ఆ కాగితం ఫిల్మ్ కింద పరిస్తే గీతలు పైకి కనిపిస్తాయి, వాటి మీద దారం వెయ్యాలి. కానీ ముసురుకు కాగితం ఉబ్బింది. ఒకచోట సర్దితే ఇంకోచోట లేచింది. గీత వంకర పోతోంది. అతను వచ్చేలోగా ముక్క పూర్తిచేసి చూపించాలని ఆమెకు పంతం పట్టింది.

ఆమె చేతులకు దారి తెలుసు. సన్నకాగితం మీదికి గీతలు ఎత్తుకుంది. సూదితో గీతల పొడుగునా చిల్లులు పొడిచింది. మగ్గం పనిలో దాన్ని ఖాకా అంటారు. జింకు పొడిని కిరోసిన్‌లో కలిపి, గుడ్డతో ఆ కాగితం మీద రుద్దితే, చిల్లుల్లోంచి చుక్కలు దిగి బట్ట మీద బొమ్మ లేస్తుంది. ఆమె ఫిల్మ్ మీద అలాగే దింపింది. కాగితం తీసేసరికి గాజు మీద తెల్లటి చుక్కల విసనకర్ర విచ్చుకుంది. కిరోసిన్ ఆరనిచ్చింది. జిగురు తనే రోలరుతో పూసింది. చుక్కల మీదే దారాలు పరిచింది. జరీ కింద చుక్క దాగినట్టే దారం కింద చుక్కలు దాగాయి.

ప్రేమ్‌రాజ్ వచ్చి దారాల మీదికి వంగి చూశాడు. తర్వాత మిషన్ ఏసినట్టున్నది స్వరూపా అన్నాడు. పదహారేళ్ళ కాపురంలో ఆమె పనిని అతను మెచ్చుకున్నది అదే మొదటిసారి. ఎట్లా వేశావని అడగలేదు. ఆమె చెప్పలేదు. కిరోసిన్ గుడ్డను మెట్ల కింద నీళ్ళ డ్రమ్ము వెనక తోసేసింది. అప్పటికి అది దాచడం కాదు. గుడ్డ పారేస్తే మళ్ళీ దొరకదని పక్కన పెట్టడం, అంతే. బుధవారం తర్వాతే అది దాచడం అయింది.

*

సుగ్రా ఆపా ఇంట్లో మగ్గం మీద ముదురు ఎరుపు మఖ్మల్ బిగించి ఉంది. ఆపా మోకాలి కింద దిండు పెట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కూర్చుంది. అటు చివర ఆమె కోడలు ముస్కాన్ సూది ఆపకుండానే స్వరూపకు చోటిచ్చింది.

ఇంట్లో లొల్లి చల్లబడిందా అని ఆపా అడిగింది. స్వరూప పమిట చెంగులోని పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఆపా దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తింది. కళ్ళద్దాలు కిందికి దించుకుంది. వేలిగోటితో తెల్లటి గీత వెంట నెమ్మదిగా నడిచింది. దూరానికి గీతలా కనిపించేది దగ్గరికి గీత కాదు. వరసగా చుక్కలు. ప్రేమ్‌రాజ్ మూడు రోజులుగా చూస్తున్నా అతనికి అది గాలిబుడగలే. సామ్యూల్ సార్‌కూ అంతే. జీవితంలో ఎన్నడూ సూదితో కాగితం పొడవని కళ్ళకు అంతకన్నా కనబడదు.

"ఖాకా ఎవరు దింపిన్రు దీని మీద?"

"నేనే ఆపా."

"గ్యాస్ నూనెతోనా?"

"మీరు నేర్పినట్టే, కిరోసిన్‌తోనే."

"సీధా దిక్కు?"

స్వరూప తల ఊపింది. సీధా వైపు కాకపోతే ఇంకెటు? దారం ఏ ముఖాన నడుస్తుందో బొమ్మ ఆ ముఖానే దిగాలి. పదమూడో ఏట ఈ గదిలోనే ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అది. బట్ట తిరగేసి బొమ్మ దింపిన పిల్లను అందరూ నవ్వేవారు.

ఆపా చప్పుడు లేకుండా నవ్వింది. భుజాలు మాత్రం కదిలాయి.

"నేను నీకు మఖ్మల్ మీద నేర్పిన బేటీ. అద్దం మీద నేర్పలే. అద్దానికి సీధా ఏంది, ఉల్టా ఏంది. అవుతలి దిక్కు దింపినా ఇవుతలికి కనవడ్తది గదా. నూనె అంటిన కాడ జిగురెట్ల నిలుస్తది?"

అంత చిన్న సంగతి. ఫిల్మ్ వెనక వైపు దింపి ఉంటే చుక్కలు పైకి కనిపించేవి, జిగురుకు తగిలేవి కావు. పనయ్యాక ఒక గుడ్డతో తుడిచేస్తే పోయేవి. ఇరవై ఐదేళ్ళ అలవాటు ఆమె చేతిని పట్టుకుని సీధా వైపు నడిపించింది. ఆ నడక ఎంత నమ్మకంగా నడిచిందంటే, మధ్యలో ఒక్కసారి కూడా ఆమెకు అనుమానం రాలేదు.

పట్టీని ఆమె తిరిగి తీసుకుంది. వెలుగులో చుక్కలు సన్నగా మెరుస్తున్నాయి. బుధవారం నుంచి ఆమె లోపల తారట్లాడుతున్నదేదో ఇప్పుడు పేరు అడుగుతున్నట్టుగా ముందుకొచ్చింది. అది తప్పు చేసిన బాధ అని ఇన్నాళ్ళూ అనుకుంది. బాధ ఉంది, నిజమే. దాని కింద ఇంకొకటి ఉంది. ఎన్ని వందల ఖాకాలు దింపింది ఈ చేత్తో. నెమళ్ళు, మామిడి పిందెలు, తీగలు. అన్నీ జరీ కిందికి పోయాయి. మిగిలినవి ఉతుకులో పోయాయి. తన గీత ఎన్నడూ నిలవలేదు. ఇదొక్కటి నిలిచింది. సామ్యూల్ సార్ ముక్కను వంచినప్పుడు, మొగుడి ముఖం పాలిపోయినప్పుడు, ఆమె మొదట చూసింది ఆ గీతల ఒంపునే. ఎంత చక్కగా వచ్చింది అనుకుంది. మామ ముఖం వైపు చూడడం ఆ తర్వాత.

తప్పు కన్నా ఆ ముందూ వెనకలే ఆమెను ఎక్కువ భయపెట్టాయి.

"చెప్పినవా మీ ఆయనకు?"

"లేదు."

ఎందుకని ఆపా అడగలేదు. మగ్గం మీదికి వంగి, జరీ తీగను నోటితో తడిపి, సూదిలోకి ఎక్కించింది. తీగ ఎక్కాక వేరే సంగతి చెప్పినట్టు చెప్పింది. "మీ మామ ఒచ్చిండు బుధవారం. గడప మీద కూసున్నడు గంట సేపు. ముస్కాన్ ఖాకా దింపుతుంటే చూసిండు. చాయ్ పెట్టిస్తే తాగలే."

"ఏమన్నడు?"

"ఏం అనలే. వాన తగ్గినంక పోయిండు."

కొడుకు మీద చెప్పుకోవడానికి వచ్చి, నోరు రాక వెళ్ళిపోయి ఉంటాడనుకుంది స్వరూప. లేచి చెప్పులు వేసుకుంది.

గడప దాకా వచ్చాక వెనక నుంచి ఆపా గొంతు వినిపించింది. "స్వరూపా. అవుతలి దిక్కు దింపాల్నంటే ఖాకా తిరగేసుకోవాలె. యాదికుంచుకో."

*

మేడ మీద బల్ల ఖాళీగా ఉంది. ప్రేమ్‌రాజ్ కొత్త ఫిల్మ్ పరిచి, అంచులు టేపుతో అంటిస్తున్నాడు. మూలన పంపు ఉండే చోటు వెలితిగా ఉంది. దాన్ని మెట్ల కిందికి చేర్చేశాడు.

ఏం, బాపుకు చెప్పినవా అని అడిగాడు.

ఆమె బీరువా దగ్గరికి నడిచింది. బీరువా పైనుంచి చుట్టచుట్టిన సన్నకాగితం తీసింది. బల్ల మీద విప్పి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. వేల చిల్లుల్లోంచి మబ్బు వెలుగు చుక్కలుగా రాలింది. పక్కనే జానెడు పట్టీని ఆనించింది. చుక్కల మీద చుక్కలు కూర్చున్నాయి.

ప్రేమ్‌రాజ్ వెంటనే అర్థం చేసుకోలేదు. ఆమె చెప్పాల్సి వచ్చింది. ఉబ్బిన కాగితం సంగతి, జింకు పొడి, కిరోసిన్, జిగురు, అన్నీ వరసగా చెప్పింది. ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు గొంతు తొణకకుండా వచ్చింది. చెబుతున్నంతసేపూ అతను టేపు చుట్టను వేలికి తొడుక్కుని తిప్పుతూ ఉన్నాడు. చెప్పడం అయిపోయాక టేపు తిరగడం ఆగింది.

బయట వాన తగ్గి, రేకుల అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. అతను గోడ మీది అంకెల వైపు చూశాడు. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా, ఒక్కొక్కటీ చదువుతున్నట్టు చూశాడు.

"మూడు దినాలు," అన్నాడు. "ఎందుకు చెప్పలే?"

"నన్ను మల్ల మిషిన్ కాడికి పంపుతవని."

"నేను గసొంటోన్నా?"

"మామను పంపలేదా?"

ఆమె ఆ మాట దెప్పుడుగా అనలేదు. ఉన్న సంగతి అడిగింది. అతను స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. చేతులు తీసేసరికి ముఖం మీద పదేళ్ళ వయసు పెరిగినట్టు కనిపించింది, గుండయ్య ముఖానికి దగ్గరగా కనిపించింది.

కునుకు మాట తలుచుకుంటున్నాడని ఆమె ఊహించింది. ఆ మాట అతనితో అనిపించింది కూడా తన మౌనమే కదా అనుకుంది. ఇద్దరిలో ఎవరి పాలు ఎంతో తేల్చుకోవాలనిపించలేదు.

అతను లేచాడు. ఖాకా కాగితం తీసుకుని ఫిల్మ్ మీద పెట్టి, తల పక్కకు వంచి చూశాడు. పనిలో పడితేనే అతనికి ఊపిరి ఆడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"అడుగు దిక్కు గీస్తే?"

"ఏం గాదు. నూనె జిగురుకు అంటదు. కాయిదం తిరగేసి దింపాలె. పైనుంచి చూస్తే సమంగనే కనవడ్తది."

"నువ్వే దింపుతవా?"

ఆ ప్రశ్నలో ఆమె మూడు రోజుల భయానికి జవాబుంది. అంత తేలిగ్గా దొరుకుతుందనుకోలేదు. దొరికాక సంతోషం రాలేదు. ఇంత తేలిక వస్తువు కోసమా మామను ఆకలితో కూర్చోబెట్టాను అన్న ఆలోచన సంతోషం రావాల్సిన చోట వచ్చి నిలబడింది.

"దింపుత," అంది.

"రేపు పొద్దుగాల ఏద్దాం. సోమవారం సారొచ్చేసరికి ఉంటది." అతను టేపు చుట్ట బల్ల మీద పెట్టాడు. కిటికీ బయటకు చూస్తూ అన్నాడు. "పో, బాపును పిలువు. పంపు నేనే మోసుకొస్తనని చెప్పు. వంచకుంట తెస్తనని చెప్పు."

*

మోడా ఖాళీగా ఉంది. గుండయ్య చెప్పులు గుమ్మంలో లేవు. గొడుగు ఉంది.

స్వరూప గల్లీలోకి తొంగి చూసింది. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే రామ్‌చందర్ తొట్టి నీళ్ళలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. అడక్కుండానే చెప్పాడు.

"మీ మామ పంపు ఆటోల ఏసుకొని పోయిండమ్మా. నేనే చెయ్యిపట్టిన ఎక్కియ్య. ఖరాబైందంట గద?"

"ఎవరన్నరు?"

"ఆయననే అన్నడు. వాల్వు పోయిందంట. కొడుకు చెప్పిందే నిజం, నాకే కండ్లు మూతపడ్డయి అన్నడు. తుక్కుకేసి వస్తనన్నడు."

వాల్వు పోలేదు. కళ్ళు మూతపడలేదు. పంపులో ఏ లోటూ లేదని ఆ గల్లీలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి గుండయ్యే. ఆ మనిషి తన నోటితో ఆ మాట చెప్పి వెళ్ళాడు, అదీ పదిమందీ ఆగే రామ్‌చందర్ దుకాణం ముందు.

ఆటో ఎటు పోయిందని అడిగింది. ఇంజిన్‌బౌలి దిక్కు మళ్ళిందని రామ్‌చందర్ చెయ్యి చూపించాడు. ఎంతసేపైందంటే అరగంట అన్నాడు.

ఆమె లోపలికి వచ్చింది. మెట్ల కింద పంపు పెట్టిన చోట గచ్చు మీద నూనె మరక కూడా లేదు. వంచకుండానే ఎత్తారు. పంపు కాళ్ళ నాలుగు ముద్రల మధ్యలో ఏదో తెల్లగా ఉంది.

ఆమె వంగి చూసింది. గుడ్డ. డ్యూటీ దిగేముందు పనివాడు తన తుడుపుగుడ్డ మడిచినట్టు, నాలుగు మడతలు, అంచు మీద అంచు. జింకు పొడి ఆనవాలు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన. దాని అడుగున, పోగొట్టాలన్నా పోని కిరోసిన్ వాసన.

ఆమె డ్రమ్ము వెనక చెయ్యి పెట్టి చూడలేదు. చూడాల్సిన పని లేదు.

"స్వరూపా," పైనుంచి ప్రేమ్‌రాజ్ పిలిచాడు. "బాపు వస్తుండా?"

ఆమె గుడ్డను చెంపకు ఆనించుకుంది. తల మీద తాడుకు వేలాడుతున్న గురువారం నాటి రుమాలు చెమ్మగా భుజానికి తగులుతోంది. చేతిలోని గుడ్డ మాత్రం, బుధవారమే ఉతికింది కాబోలు, పెళపెళలాడుతూ, పూర్తిగా ఆరిపోయి ఉంది.

మెట్ల మీద ప్రేమ్‌రాజ్ అడుగుల చప్పుడు మొదలైంది.